బాగేపల్లి పేరు, మా నోటి మాట



ఈసారి కూడా పొడుగ్గానే రాస్తున్నాము. ఓపిక ఉన్నవాళ్ళు మొత్తం చదవండి. లేనివాళ్ళు చివరి నాలుగు పేరాలు చదివినా చాలు. ఎప్పటి మాదిరే ముందుగా ఒక మనవి. మేము చదివింది తమిళ మీడియంలో. తెలుగు అక్షరాలు రైల్వే ఉద్యోగంలో చేరినాక స్టేషను బోర్డులు, సినిమా పోస్టర్లు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాము. ఒత్తులు, దీర్ఘాలు అటు ఇటు అయితే మన్నించండి.

పోయిన నెల మీటింగులో భోజనాలయినాక ఒక మాట వచ్చింది. "ఇప్పటి జనానికి రోషం ఎక్కువైంది. మాటంటే పడరు, పేరంటే పడరు. మన కాలంలో ఎన్ని అన్నా నవ్వి ఊరుకునేవాళ్ళం" అని పెద్దలు కొందరు అన్నారు. మేమూ గట్టిగా తల ఊపాము. అయితే అదే పెద్దలు, అదే అరగంటలో, బాగేపల్లి పేరు మార్పు సంగతి రాగానే బల్ల గుద్ది మాట్లాడారు. మేమూ గుద్దాము. ఇంటికి పొయ్యే దారిలో మాకే నవ్వొచ్చింది. మరి రోషం ఎవరికి ఎక్కువైంది? ఈ ప్రశ్న పట్టుకుని నాలుగు వారాలుగా తిరుగుతున్నాము. తోచింది రాస్తున్నాము.

ముందు సంగతి తెలియనివాళ్ళ కోసం. 2025 జూలై 2న కర్ణాటక మంత్రివర్గం మన నంది కొండ మీద కూర్చుంది. ఆ రోజు బెంగళూరు గ్రామాంతర జిల్లాను బెంగళూరు ఉత్తర జిల్లా అని, మన బాగేపల్లిని భాగ్యనగర అని మార్చడానికి ఒప్పుకున్నారు. బాగేపల్లి అనే పేరులో తెలుగు వాసన ఉంది, 'పల్లి' మనది కాదు అని కొందరు ఎన్నాళ్ళనుంచో అడుగుతూ ఉన్నారు. ఆ తాలూకాలో ఎక్కువ ఇండ్లలో మాట తెలుగే. ఆఫీసు కాగితం కన్నడం, సంతలో బేరం తెలుగు, బడిలో పాఠం కన్నడం, అవ్వ తిట్టేది తెలుగు. రెండూ కలిసి బతికే ఊరు అది. అట్లాంటి ఊరికి "నీ పేరు పరాయిది" అంటే ఎవరికైనా చురుక్కుమంటుంది. మాకూ అనింది.

కానీ చురుక్కుమన్నంత మాత్రాన మన మాట న్యాయం అయిపోదు గదా. నిదానంగా చూద్దాం.

'పల్లి' తెలుగు మాట అని ఎవరు చెప్పారు? మేము తమిళంలో చదువుకున్నప్పుడు తిరుచ్చిరాపళ్ళి అని రాశాము. తెలుగులో పల్లె, పల్లి. కన్నడంలో ఇప్పుడు హళ్ళి అంటారు. కానీ పాత కన్నడంలో అది 'పళ్ళి' అనే ఉండేది. కన్నడంలో మాట మొదట్లో ఉన్న 'ప' కాలం గడిచేకొద్దీ 'హ' అయింది. పాలు హాలు అయింది, పులి హులి అయింది, పత్తు హత్తు అయింది. అట్లే పళ్ళి హళ్ళి అయింది. అంటే బాగేపల్లిలో ఉన్న 'పల్లి' కన్నడానికి పరాయిది కాదు, కన్నడానికి తాత వరస. తాతను ఇంట్లోంచి పంపించి ఆ చోట కూర్చోబెట్టిన భాగ్యం, నగరం రెండూ సంస్కృతం మాటలు. అందులో కొత్తగా వచ్చిన కన్నడం ఏమి? పైగా భాగ్యనగర్ అనగానే సగం దేశానికి హైదరాబాదు గుర్తొస్తుంది. కర్ణాటకలోనే కొప్పళ పక్కన ఒక భాగ్యనగర ఇంతకుముందే ఉంది. రేపు పోస్టు ఎక్కడికి పోతుందో ఆ దేవుడికే తెలియాలి.

మేము 36 ఏండ్లు టికెట్టు కౌంటరు వెనక కూర్చున్నవాళ్ళం. పేర్ల సంగతి మాకు కొంచెం తెలుసు. అట్ట టికెట్ల కాలంలో ఒకరు 'చిన్నబళ్ళాపురం' అని అడిగేవారు, ఒకరు 'చిక్కబళ్ళాపుర' అనేవారు. దొడ్డబళ్ళాపురానికి 'పెద్దబళ్ళాపురం' అని అడిగిన ముసలమ్మలూ ఉన్నారు. ఎట్ల అడిగినా చేతికిచ్చే టికెట్టు ఒకటే, దిగే ప్లాట్‌ఫారం ఒకటే. 'నువ్వు తప్పు పేరు చెప్పినావు, టికెట్టు లేదు' అని మేము ఎవర్నీ పంపలేదు. బెంగళూరు సిటీ స్టేషనుకు ఇప్పుడు క్రాంతివీర సంగొళ్ళి రాయణ్ణ పేరు. మంచి పేరు, వీరుడి పేరు. అయినా టికెట్టు మీద ఆ స్టేషను కోడు పాతదే, ఎస్‌బిసి. జనం నోట్లో మెజెస్టిక్. మూడూ ఒకదాని పక్కన ఒకటి బతుకుతూనే ఉన్నాయి.

బంగారుపేట సంగతి చూడండి. మైసూరు కమిషనరుగా పనిచేసిన బౌరింగ్ దొర పేరు మీద అది బౌరింగ్‌పేట. ఆ పేరు జనం నోట్లో నాని నాని బంగారుపేట అయింది. పక్కనే బంగారు గనులు, పేరు ఎంత చక్కగా కుదిరిందో! జనమే మార్చుకున్న పేరు అట్లా అతుక్కుంటుంది. కాగితం మీద మార్చిన పేరు అతుక్కోవడానికి ఒక తరం పడుతుంది, ఒక్కోసారి అప్పటికీ అతుక్కోదు.

ఇంకొక సంగతి. ఊర్ల పేర్లు మార్చడం గురించి కేంద్ర హోం శాఖ 1953లోనే రాష్ట్రాలకు సూచనలు పంపింది. చరిత్ర ఉన్న పేర్లను వీలయినంతవరకు మార్చకూడదు, ఊరి అభిమానం కోసమో భాష కోసమో మాత్రమే మార్చకూడదు అని అందులో ఉంది. పేరు మార్చాలంటే రైల్వే, తపాలా, సర్వే శాఖల అభిప్రాయం కూడా అడుగుతారు. బాగేపల్లికి రైలే లేదు కాబట్టి అక్కడ రైల్వేవాళ్ళు మార్చాల్సిన బోర్డు కూడా లేదు. ముందు రైలు ఇచ్చి, ఆ తర్వాత బోర్డు మీద ఏ పేరు రాయాలో అడిగి ఉంటే మేము ఇంత రాసేవాళ్ళం కాదేమో.

ఇంతవరకు మన పక్షం. ఇప్పుడు అవతలి పక్షం కూడా చూడాలి. లేకుంటే ఇది న్యాయం కాదు, వకాల్తా అవుతుంది.

కన్నడవాళ్ళ బాధ ఏమిటి? తమ రాష్ట్రంలో, తమ జిల్లాలో ఒక ఊరికి పోతే తమ మాట వినపడదేమో అనే భయం. బెంగళూరులో వాళ్ళు దాన్ని రోజూ చూస్తున్నారు. ఆ భయం దొంగది కాదు. మన తెలుగువాళ్ళకు మద్రాసులో, హోసూరులో అదే భయం. తమిళులకు హిందీ చూస్తే అదే భయం. అందరి భయమూ ఒకటే, బోర్డులు వేరు. పైగా మనం తింటున్నది కర్ణాటక రాగి, తాగుతున్నది కర్ణాటక నీళ్ళు. మన పిల్లలకు ఉద్యోగాలు ఇచ్చింది కన్నడ చదువు. మన ఉమ్మడి కోలారు జిల్లా మాస్తి ఊరి వెంకటేశ అయ్యంగారు ఇంట్లో తమిళం మాట్లాడి, కన్నడంలో రాసి, 1983లో జ్ఞానపీఠం తెచ్చారు. చింతామణి తాలూకా కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పాడాడు. ఆ తత్వాలు పాడుకునేవాళ్ళు ఇది ఏ భాష అని ముందు అడిగి పాడరు. ఈ నేల అట్లాంటిది. దీన్ని ఒక పేరు కోసం మనవైపు నుంచి చెడగొట్టుకోకూడదు.

కోపం పెరిగితే ఎక్కడికి పోతుందో మన కళ్ళముందే ఉంది. 2022లో ఆంధ్రలో కోనసీమ జిల్లాకు అంబేద్కర్ గారి పేరు చేర్చాలని ప్రకటించారు. మే 24న అమలాపురంలో గుంపులు బయలుదేరి ఒక మంత్రి ఇంటికి, ఒక ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టాయి. రాజ్యాంగం రాసిన పెద్దాయన పేరు తమ జిల్లాకు వస్తే ఇండ్లు తగలబెట్టారు. అక్కడివాళ్ళు 'మాకు కోనసీమ అనే పేరు మీద అభిమానం' అన్నారు. కానీ కోనసీమ అనే మాట తీసెయ్యలేదు, ముందు ఒక పేరు చేర్చారు, అంతే. మరి మంట దేనికి? ఆ చేరిన పేరు ఎవరిదో అందుకే గదా. అభిమానం అని పైకి చెప్పేదాని కింద ఇంకేదో ఉంటుంది. అది మనలోనూ ఉందా అని బాగేపల్లి సంగతిలో కూడా వెతుక్కోవాలి.

2025లోనే ఇంకొకటి. మే నెలలో కమల్ హాసన్ గారు చెన్నైలో సినిమా పాటల సభలో కన్నడం తమిళం నుంచి పుట్టింది అన్నారు. జూన్ 5న ఆ సినిమా మిగతా చోట్ల వచ్చింది, కర్ణాటకలో రాలేదు. సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆయన అన్నది సరి కాదు. భాషలు చదివినవాళ్ళ లెక్కలో తమిళం, కన్నడం ఒకే మూలం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు, తెలుగు పిన్నమ్మ బిడ్డ. అక్క వచ్చి చెల్లెలితో 'నేను నీ అమ్మను' అంటే చెల్లెలికి కోపం రాదా? వస్తుంది. దానికి జవాబు 'కాదక్కా, లెక్క చూసుకో' అనడం. అంతకన్నా పెద్ద జవాబు అవసరమా? మా తమిళ స్నేహితులు, కన్నడ స్నేహితులు ఇద్దరూ ఆ నెల మాతో ముభావంగా ఉన్నారు. మాకే ఎందుకో ఇప్పటికీ తెలియదు.

ఇవన్నీ చూస్తే 'రోషం ఎక్కువైంది' అన్న పెద్దల మాట నిజమే అనిపిస్తుంది. కానీ ఇక్కడే ఆగి ఇంకొక మాట చెప్పాలి.

మేము పుట్టి పెరిగింది రైల్వే కాలనీలో. కాలనీ అంటే మాకు గౌరవం. నీళ్ళొస్తాయి, కరెంటు ఉంటుంది, మా నాన్న చొక్కాకు ఇత్తడి బొత్తాలు. బయట ఊర్లో అదే మాటకు ఇంకొక అర్థం ఉందని మాకు చాలాకాలం తెలియలేదు. తమిళనాట 'కాలనీ' అంటే ఊరి బయట దళితులను ఉంచిన చోటు. 'నువ్వు ఊరా, కాలనీయా?' అని అడిగితే అది అడ్రసు కాదు, కులం అడిగినట్లు. 2025 ఏప్రిల్ 29న తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ గారు ఆ మాటను ప్రభుత్వ రికార్డుల నుంచి తీసేస్తామని అసెంబ్లీలో చెప్పారు. మా పాత స్నేహితులు కొందరు 'కాలనీ ఇంగ్లీషు మాట, అందులో ఏముంది తప్పు' అన్నారు. నిఘంటువులో తప్పు లేదు. ఆ మాటను 70 ఏండ్లుగా ఎవరు ఎవరి మీద ఎట్లా వాడారో అందులో ఉంది తప్పు.

'మన కాలంలో ఎన్ని అన్నా నవ్వి ఊరుకునేవాళ్ళం' అనే మాటలో 'మనం' ఎవరు? మన పల్లెల్లో 60 ఏండ్ల కూలి మనిషిని 10 ఏండ్ల పిల్లవాడు 'ఒరే' అని పిలిచేవాడు. ఆ మనిషి నవ్వి ఊరుకున్నాడు. ఆయనకు రోషం లేక కాదు, మరుసటి రోజు కూలి కావాలి కాబట్టి. 1989లో ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం వచ్చి, నలుగురి ముందు కులం పేరుతో అవమానిస్తే నేరం అన్నది. అప్పటినుంచి వాళ్ళ మనవళ్ళు నవ్వడం మానేశారు. దాన్ని మనం 'ఇప్పటివాళ్ళు మాట పడరు' అంటున్నాము. పడాల్సిన అవసరం తీరిపోయింది, అంతే.

ఇప్పుడు మా సొంత సంగతి. ఇది రాయడానికే ఇంత చుట్టు తిరిగాము.

చిన్నప్పుడు బడిలో మమ్మల్ని 'గొల్టి' అనేవాళ్ళు. తెలుగు అనే మాటను తిప్పి పలికితే వచ్చే మాట అది. పేరుపెట్టి పిలిచిన రోజు తక్కువ. మేమూ నవ్వేవాళ్ళం. నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారు. ఆరేండ్లు నవ్వాము. ఇంట్లో తెలుగు మాట్లాడేటప్పుడు కిటికీ వేయమని అమ్మకు చెప్పేవాళ్ళం. ఆమె ఎందుకని అడగలేదు. వేసేది.

అట్లాంటి మేము మూడు నెలల కింద ఏమి చేశామో మన వాట్సాప్ గ్రూపులో చాలామంది చూశారు. చింతామణి వైపు సభ్యులొకరు తమ కొత్త ఇంటి గృహప్రవేశానికి పిలుపు పెట్టారు. అందులో సగం మాటలు కన్నడం, సగం తెలుగు, 'అందరూ తప్పకుండా రావల్ల' అని ముగింపు, మధ్యలో అక్షరం తప్పులు. దాని కింద మేము 'ఇది తెలుగా, కన్నడమా, కిచిడీయా?' అని రాశాము. తమాషాకే. ముప్ఫైమంది నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ రాత్రే ఆయన గ్రూపులోంచి వెళ్ళిపోయారు. మీటింగుకూ రావడం లేదు. మేమేమో 'ఇంత చిన్న మాటకా! రోషం ఎక్కువైంది జనానికి' అని ఇంట్లో అన్నాము.

మా ఇంట్లోవాళ్ళది చింతామణి పక్క పల్లె. వంటింట్లోంచే జవాబు వచ్చింది. "మిమ్మల్ని ఇస్కూల్లో గొల్టి అన్నారని యాభై ఏండ్లుగా చెప్తానే ఉండారు గదా. ఆ అన్న మూడు నెలలు కోపం చేసుకుంటే ఎక్కువైపోయిందా?"

దానికి మా దగ్గర జవాబు లేదు. పోయిన గురువారం చింతామణికి పోయి వచ్చాము. ఆయన లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు. చెప్పింది రెండే మాటలు. "మీరు అన్నది పెద్దది కాదు సార్, ముప్ఫైమంది నవ్వినారే, అది. ఆ పిలుపు రాసింది నేను కాదు, నా కూతురు." ఆ పాప చదివింది కన్నడ మీడియం. మన సంఘం వాళ్ళకు తెలుగులోనే రాయాలని పట్టుబట్టి, ఫోనులో అక్షరాలు చూసి నేర్చుకుని రాసిందట. స్టేషను బోర్డులు చూసి నేర్చుకున్న మాకు ఆ మాట ఎక్కడ తగిలిందో చెప్పనవసరం లేదు. ఆ పాపకు చేతులు జోడించి తప్పయింది అన్నాము. ఆమె 'పర్వాలేదు తాతా' అంది. కానీ మళ్ళీ తెలుగులో రాస్తానని అనలేదు. ఆయన కూడా గ్రూపులోకి మళ్ళీ వస్తామని చెప్పలేదు. మేము అడగలేదు.

కాబట్టి, 'జనానికి రోషం ఎక్కువైందా?' అనే ప్రశ్నకు మా జవాబు ఔను అనీ కాదు, కాదు అనీ కాదు. ఏ రోషమైనా ముందు మూడు సంగతులు అడగాలి. ఆ మాట ఒక మనిషి మీద పడిందా, లేక బోర్డు మీద, జెండా మీద, సినిమా మీద పడిందా? పడినవాడు అన్నవాడికి ఎదురు చెప్పగలిగిన స్థితిలో ఉన్నాడా? ఆ మాట తర్వాత వాడు ఏదైనా పోగొట్టుకున్నాడా? బాగేపల్లి పేరు పోతే మనకు బాధే, కానీ మనకు నోరుంది, సంఘముంది, ఎమ్మెల్యే ఉన్నాడు. ఆ పాపకు ఇవేవీ లేవు. ఆమె పోగొట్టుకున్నది ఒక భాష. బాగేపల్లి పేరులో తెలుగు పోయిందని బల్ల గుద్దిన చేతులతోనే, తెలుగు రాయడానికి వచ్చిన ఒక్క పిల్లను మేము వెనక్కి పంపాము. నంది కొండ మీద మంత్రులు తీసింది ఒక పేరులో రెండక్షరాలు. మేము తీసింది అంతకన్నా ఎక్కువ.

వచ్చే ఆదివారం మీటింగులో మేము మూడు మాటలు పెట్టదలచుకున్నాము. ఒకటి, బాగేపల్లి పేరు అట్లే ఉంచమని సంఘం తరఫున ఒక పేజీ మనవి రాద్దాం. కన్నడంలో రాద్దాం. పళ్ళి హళ్ళి అయిన సంగతి, 1953 సూచనల సంగతి మర్యాదగా చెబుదాం. ఎవర్నీ ఒక్క మాట అనవద్దు. మనవి వినకపోతే కాగితం మీద భాగ్యనగర అని రాద్దాం, నోటితో బాగేపల్లి అందాం. కౌంటరు దగ్గర 36 ఏండ్లు చూసినదాన్ని బట్టి చెబుతున్నాము, ఏ పేరు చెప్పినా బస్సు అక్కడికే పోతుంది. రెండు, గ్రూపులో ఎవరి తెలుగునూ, ఎవరి యాసనూ ఎగతాళి చేయకూడదని రాసి పెట్టుకుందాం. నియమం మొదట మాకే వర్తిస్తుంది. మూడు, మన పల్లెల్లో ఇంకా పెద్దవాళ్ళను 'ఒరే' అనే ఇండ్లు సంఘంలో ఉన్నాయి. పేర్లు చెప్పము. ఎవరికి వాళ్ళకు తెలుసు. ఆ సంగతి కూడా మీటింగులో మాట్లాడాలి. బోర్డు గురించి గంట మాట్లాడి దీని గురించి పది నిమిషాలు మాట్లాడకపోతే మన రోషానికి విలువ లేదు.

దీని మీద కోపం వచ్చినవాళ్ళు కింద రాయండి, లేకుంటే ఇంటికే రండి, కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం. ఏ భాషలో రాసినా, ఎన్ని తప్పులతో రాసినా పర్వాలేదు.